పిల్లి కిడ్నీ మార్పిడి కుట్లు, బల్ల మీద సాధన: నెల్లూరు ప్రాజెక్టు డైరీ

ముందే చెప్పేస్తాను: ఈ డైరీలో బతికున్న పిల్లి ఒక్కటి కూడా లేదు. కోడి తొడలు, గొర్రె కిడ్నీలు, సర్జికల్ గ్లవ్ ముక్కలు, సెలైన్ సీసాలు, ఇవే మా సరుకు. నాది నెల్లూరులో పెంపుడు జంతువుల ప్రాక్టీసు. ఒంగోలు నుంచి ఇంకో పశువైద్యురాలు ఆదివారాలు రైల్లో వస్తారు. నాకు సీనియర్ కాబట్టి ఇక్కడ మేడమ్ అనే రాస్తాను. మార్పిడి ఆపరేషన్ మేం చేయబోతున్నామని కాదు. యూరెటర్‌లో (కిడ్నీ నుంచి మూత్రాశయానికి మూత్రం తెచ్చే గొట్టంలో) రాయి ఇరుక్కుని వచ్చే పిల్లులకు కావలసిన చేతిపని కూడా ఇదే. కాబట్టి కిడ్నీ మార్పిడిలోని కుట్లన్నీ వరసగా, కొలతలతో, చెయ్యి తిరిగేదాకా చేయాలని పెట్టుకున్నాం. ఇంకెవరైనా ఇదే పని మొదలుపెడితే మేం డబ్బు, సమయం పోగొట్టుకున్న చోట వాళ్ళు పోగొట్టుకోకూడదు, అందుకే రాస్తున్నాను.

దశ 1: ఏం చేయాలి, ఎంత కొలతలో

పెంపుడు పిల్లులకు కిడ్నీ మార్పిడి 1987లో కాలిఫోర్నియాలోని డేవిస్‌లో మొదలైంది. క్లేర్ గ్రెగరీ, ఐరా గోర్లీ బృందం చేసింది. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో లిలియన్ అరన్సన్ కార్యక్రమం 1998లో వచ్చింది. వాళ్ళ పద్ధతుల్లోంచి బల్ల మీద చేయడానికి వీలయ్యేవి నాలుగు పనులు:

1. ఆర్టరీ (ధమని). దాత పిల్లి ఎడమ కిడ్నీకే మొగ్గు, దాని వెయిన్ (సిర) పొడుగు కాబట్టి. ఆర్టరీ ఒక్కటే ఉండాలి, కొమ్మలుగా చీలేలోపు కనీసం అర సెంటీమీటరు దొరకాలి. దాని కొనను గ్రహీత (కిడ్నీ అందుకునే పిల్లి) అయోర్టా అనే పెద్ద ధమని పక్క గోడకు 8-0 నైలాన్‌ దారంతో కుట్టాలి (ముందు అంకె పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది).
2. వెయిన్. వీనా కేవా అనే పెద్ద సిర పక్క గోడకు, 7-0 సిల్క్‌తో.
3. యూరెటర్. దాన్ని మూత్రాశయంలోకి దించి 8-0తో కుట్టాలి.
4. కిడ్నీ మెలి తిరగకుండా పొట్ట గోడకు బిగించాలి.

గ్రహీత సొంత కిడ్నీలను మామూలుగా తీసెయ్యరు. కొత్తది పని అందుకునేదాకా ఆ పాతవే ఆధారం.

తొలినాళ్ళలో కిడ్నీ ఆర్టరీని అయోర్టాకు కాకుండా తుంటి దగ్గరి ఇలియాక్ ఆర్టరీకి కొనకు కొన కలిపేవారు. ఆ వైపు వెనక కాలికి రక్తం తగ్గి కాలు చల్లబడటం, నొప్పి, పక్షవాతం లాంటివి వచ్చాయి. అందుకే అయోర్టాకు మారారు. మేం కూడా కొనకు కొన కుట్టడాన్ని చెయ్యి అలవాటుకే వాడుకుని వదిలేశాం.

సైజు బుర్రకెక్కడానికి ఒక చిట్కా. పిల్లి యూరెటర్ బోలు దాదాపు 0.4 మి.మీ. 27 గేజ్ సూది బయటి మందం 0.41 మి.మీ. ఆ సూదిని బల్ల మీద పెట్టుకుని, ఇది పట్టేంత రంధ్రాన్ని కుట్టాలి అనుకుంటే చాలు, మైక్రోస్కోపు లేకుండా కుదరదని తెలిసిపోతుంది. 8-0 దారం మందం 0.04 నుంచి 0.049 మి.మీ.

పెట్టుకున్న లక్ష్యం: ఆర్టరీ, వెయిన్ రెండూ కలిపి గంటలోపు. కుట్టు మీద పూర్తి ధమని పీడనం పెట్టినా ధార చిమ్మకూడదు.

దశ 2: మైక్రోస్కోపు, బల్ల, ఫ్యాను

ఆపరేషన్ మైక్రోస్కోపు మా స్తోమతకు అందదు. మొబైల్ రిపేరు వాళ్ళు వాడే 7 నుంచి 45 రెట్ల స్టీరియో మైక్రోస్కోపు ట్రంకు రోడ్డు వైపు షాపులో సెకండ్ హ్యాండ్‌ది దొరికింది. అద్దాలు బాగున్నాయి. చిక్కల్లా లెన్సు కింద ఖాళీతోనే. అది 10 సెం.మీ. మాత్రమే, సూదిని పట్టుకునే నీడిల్ హోల్డర్ వెనక కొస లెన్సుకు తగులుతుంది. 0.5 బార్లో లెన్సు బిగిస్తే ఖాళీ దాదాపు 16.5 సెం.మీ. అయింది, పెద్దగా చూపడం 3.5 నుంచి 22.5 రెట్లకు తగ్గింది. మాకు కావలసింది 8 నుంచి 15 రెట్లే కాబట్టి నష్టం లేదు. బార్లో లేకుండా కొనొద్దు.

తర్వాత వచ్చిన ఇబ్బందులు, వాటికి చేసిన మార్పులు:

1. చెయ్యి వణుకు. మోచేయి గాల్లో ఉన్నంతసేపు ఎవరికైనా వణుకుతుంది. మడిచిన టవల్ మీద మణికట్టు, చిటికెన వేలి పక్క ఆనేలా బల్ల ఎత్తు 4 సెం.మీ. తగ్గించాం.
2. ఫ్యాను. 8-0 దారం ఫ్యాను గాలికి ఎగిరిపోతుంది. ఫ్యాను ఆపితే నెల్లూరు ఎండాకాలంలో చెమట కారి దారం ముంజేతికి అంటుకుంటుంది, మైక్రోస్కోపులో చూస్తే దారం కనిపించదు. ఏసీ గాలి పక్కకు తిప్పి, బల్లకు మూడు వైపులా అట్ట నిలబెట్టాం.
3. అయస్కాంతం. సన్న ఫోర్సెప్స్‌కు (పట్టకారుకు) అయస్కాంత గుణం వస్తే సూది దాని మొనకు అతుక్కుని తిరుగుతుంది, ఎంత ప్రయత్నించినా నీడిల్ హోల్డర్‌లో నిటారుగా కూర్చోదు. వాచ్ రిపేరు వాళ్ళ దగ్గరుండే డీమ్యాగ్నటైజర్ కొన్నాక ఆ బాధ తీరింది. ఇంత విసుగు పోగొట్టిన చిన్న వస్తువు ఇంకోటి లేదు.

ఖర్చు: మైక్రోస్కోపు 14,000, బార్లో 1,600, రింగు లైటు 900, డీమ్యాగ్నటైజర్ 250, బల్ల పని 700.
ఇప్పటిదాకా మొత్తం: రూ. 17,450.

దశ 3: గ్లవ్, ఆ తర్వాత కోడి తొడ

పరికరాలు: మైక్రో ఫోర్సెప్స్ రెండు (800), మైక్రో నీడిల్ హోల్డర్ (2,200), వంపు మైక్రో కత్తెర (1,900), నాళాన్ని మూసి పట్టే చిన్న బుల్‌డాగ్ క్లాంపులు రెండు (1,400). దారం కంటి ఆసుపత్రులకు సరఫరా చేసే డీలరు దగ్గర గడువు దాటిన 8-0 పెట్టె తక్కువకు దొరికింది (1,200). సాధనకు అది చాలు, ప్రాణమున్న జంతువు దరిదాపులకు మాత్రం రానివ్వొద్దు. పెట్టె మీద ఎర్ర మార్కరుతో రాసి పెట్టండి.
ఇప్పటిదాకా మొత్తం: రూ. 24,950.

గ్లవ్ రబ్బరును అట్ట చట్రానికి బిగించి, గాటు పెట్టి కుట్టడం గురించి ఎక్కువ రాయను. ముడి వేయడం వస్తుంది, అంతే. రబ్బరు చిరగదు, ముడుచుకోదు, కాబట్టి దాని మీద వచ్చిన ధైర్యాన్ని నమ్మొద్దు.

కోడి తొడలో ఎముక పక్కనే, కండరాల మధ్య ఆర్టరీ, వెయిన్, నరం కలిసి పోతాయి. మా షాపు తొడల్లో ఆర్టరీ 1.3 నుంచి 1.8 మి.మీ. వచ్చింది. స్కిన్‌లెస్ అడగొద్దు, చర్మం తీసేటప్పుడు లాగిన లాగుడికి నాళాలు తెగుతాయి. ఫ్రిజ్‌లో ఒక రాత్రి వరకు పర్లేదు. డీప్ ఫ్రీజ్ చేసినది గోడలు పొరలుగా విడిపోయి పనికిరాదు.

కొనకు కొన కుట్టడానికి ఫ్రెంచి సర్జన్ అలెక్సిస్ కారెల్ 1902లో రాసిన పద్ధతే ఇప్పటికీ సులువు. గుండ్రని మూతి మీద సమాన దూరంలో మూడు ఆధార కుట్లు వేసి లాగితే మూతి త్రికోణమవుతుంది, వంపు మీద కాకుండా తిన్నని గీత మీద కుట్టినట్టు ఉంటుంది. ఆయన 1908లో పిల్లుల్లోనే రెండు కిడ్నీలనూ అయోర్టా, వీనా కేవా ముక్కలతో సహా మార్చి చూశాడు, అదీ ఏ మైక్రోస్కోపూ లేకుండా. ఆ సంగతి తెలిశాక మా స్టీరియో మైక్రోస్కోపు మీద ఫిర్యాదులు తగ్గించుకున్నాం.

ఈ దశలో పాడైనవన్నీ ఒకే కారణానికి పాడయ్యాయి. ఆర్టరీ బయట అడ్వెంటీషియా అనే వదులు పొర ఉంటుంది. కోసిన మూతి దగ్గర అది పోగులుగా వేలాడుతుంది. సూది వెంట ఆ పోగు లోపలికి పోతుంది. బతికున్న జంతువులో ఆ పోగు మీదే రక్తం గడ్డ కడుతుంది. మార్చిన క్రమం:

1. మూతి దగ్గర ఆ పొరను ఫోర్సెప్స్‌తో ముందుకు లాగి, మూతికి సమంగా కత్తిరించాలి. పట్టు వదలగానే మిగతాది వెనక్కి జరిగిపోతుంది.
2. 2 మి.మీ. మేర గోడ నున్నగా తేలాలి. అంతకంటే ఎక్కువ ఒలవకూడదు, గోడ బలహీనపడుతుంది.
3. సెలైన్‌తో మూతి కడిగి, 15 రెట్లలో ఒకసారి చుట్టూ చూడాలి.
4. అప్పుడే సూది తీయాలి.

ఈ నాలుగూ చేయడానికి ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. కుట్టే సమయం అంతకు రెండింతలు తగ్గింది.

దశ 4: అయోర్టా పక్కకు కుట్టడం

అసలు పని ఇదే, మేం ఎక్కువ కాలం ఇరుక్కున్నదీ ఇక్కడే.

అయోర్టా స్థానంలో గొర్రె కిడ్నీ ఆర్టరీ వాడదామనుకున్నాం. నెల్లూరు జొడిపి గొర్రెలకు కొదవ లేదు. కానీ మటన్ షాపులో కిడ్నీని కొవ్వులోంచి పీకి ఇస్తారు, ఆర్టరీ మొదట్లోనే తెగిపోతుంది. కొవ్వుతో సహా, వెన్నెముక వైపు పట్టీ కలిపి కోయమంటే సంతపేట షాపాయన నవ్వాడు. “ఏంది డాట్రుగారూ, అందరూ కొవ్వు తీసెయ్యమంటారు, మీరు కొవ్వే కావాలంటారు!” ఆదివారం రద్దీలో అడిగితే పని జరగదు. మంగళవారం పొద్దున్నే పోతే ఓపిగ్గా కోసిచ్చాడు.

ఆ ఆర్టరీ వెర్నియర్ కాలిపర్‌తో కొలిస్తే 4.5 మి.మీ. ఉంది. దానికి కోడి ఆర్టరీని కుట్టబోతే గోడ మందం తేడాతో చెడింది. గొర్రె గోడలో దూరేటప్పుడు సూది వంగుతుంది, అదే ఊపులో కోడి గోడను చీల్చేస్తుంది. కోడిని వదిలేసి, అదే గొర్రె కిడ్నీ లోపలి మడత దగ్గర చీలే 2 మి.మీ. కొమ్మను దాత ఆర్టరీగా తీసుకున్నాం. రెండు గోడలూ ఒకే జాతివి కావడంతో పని దారిలో పడింది.

కుట్టు నిజంగా నిలిచిందో లేదో తేల్చడానికి పీడన పరీక్ష. సగటు ధమని పీడనం 100 మి.మీ. పాదరసం అనుకుంటే నీటి లెక్కలో 136 సెం.మీ. మామూలు డ్రిప్ స్టాండు ఆ ఎత్తుకు చాలదు. కాబట్టి శ్లాబు కొక్కేనికి సీసా కట్టి, సీసాలో సెలైన్ మట్టం నుంచి బల్ల దాకా టేపుతో కొలిచాం. సీసాకు గాలి సూది గుచ్చాలి, డ్రిప్ ఛాంబర్ నిండా సెలైన్ నింపాలి. లేకపోతే కొలత తప్పు వస్తుంది. ఎర్ర ఫుడ్ కలర్ రెండు చుక్కలు. 24 గేజ్ కాన్యులాను (సన్న ప్లాస్టిక్ గొట్టాన్ని) ఆర్టరీలో కట్టి సెలైన్ వదలాలి.

లెక్క ఇలా పెట్టుకున్నాం: చుక్కచుక్కగా ఊరితే పాస్, ఎందుకంటే బతికున్న జంతువులో గాజ్ గుడ్డతో కొన్ని నిమిషాలు అదిమితే రక్తం గడ్డకట్టి అది ఆగుతుంది. సన్నటి ధార చిమ్మితే ఫెయిల్.

ఫెయిలయినవి దాదాపు అన్నీ పెద్ద ఆర్టరీ పక్క గోడలో పెట్టిన కోడిగుడ్డు ఆకారపు రంధ్రం రెండు మూలల్లోనే కారాయి. చేసిన మార్పులు:

1. బ్లేడుతో గీత పెట్టడం మానేశాం. గీత పెదవులు మూసుకుని మూతి ఇరుకవుతుంది. ఇప్పుడు రంధ్రం పెట్టబోయే చోట ఒక 8-0 కుట్టు వేసి, దాన్ని పైకి లాగి, వంపు కత్తెరతో ఒక్క కోతలో గోడ ముక్కను తీసేస్తున్నాం.
2. రెండు మూలల్లో ముందే రెండు ఆధార కుట్లు.
3. మూల దాటగానే వేసే మొదటి కుట్టు మూలకు అర మి.మీ. లోపే ఉండాలి. ధార వచ్చింది ఈ ఖాళీలోంచే.
4. ఒక వైపు గోడ వరస కుట్టుగా పూర్తి చేసి, ముక్కను తిప్పి రెండో వైపు. దారాన్ని మేడమ్ ఒకే బిగువుతో పట్టుకుంటారు. నేను ఒక్కణ్ణే చేసినవాటిలో బిగువు ఎక్కువై మూతి సంచి నోరులా ముడుచుకుంది.
5. పరీక్ష అయ్యాక ప్రతి జతనూ నిలువునా చీల్చి లోపల చూడాలి. పైకి కారకుండా పాసైన వాటిలో కూడా సూది ఎదురు గోడను పట్టేసినవి బయటపడ్డాయి.

ఆర్టరీ కుట్టడానికి మొదట్లో 70 నిమిషాలు, ఇప్పుడు 38.

బల్ల మీద రానిది ఒకటుంది. బతికున్న దాత పిల్లిలో కిడ్నీ ఆర్టరీని తాకితే అది బిగుసుకుపోతుంది. అందుకే కిడ్నీ తీసే ముందు మానిటాల్ అనే మందు ఎక్కిస్తారు. చచ్చిన ఆర్టరీ బిగుసుకోదు. కాబట్టి మా 38 నిమిషాలను నిజమైన ఆపరేషన్ సమయంగా ఎవరూ లెక్కేసుకోవద్దు.

మాంసం షాపుల ఖర్చు 1,350, సెలైన్, సెట్లు, రంగు 600.
ఇప్పటిదాకా మొత్తం: రూ. 26,900.

దశ 5: వెయిన్

వెయిన్ పెద్దది కదా సులువనుకుంటాం. గోడ పల్చగా ఉండి రెండు పెదవులూ అతుక్కుంటాయి, ఏది ముందు గోడో ఏది వెనకదో తెలియదు. మూతి మీద సెలైన్ చుక్కలు వేస్తూనే ఉంటే గోడలు విడివడి తేలతాయి. ఇక్కడ రెండో మనిషికి సిరంజి పట్టుకోవడం తప్ప వేరే పని పెట్టకండి.

మెలిక ఇంకో తంటా. కిడ్నీని పక్కకు తిప్పి ఆర్టరీ కుట్టి, మళ్ళీ తిప్పేసరికి వెయిన్ పావు చుట్టు మెలి తిరిగి ఉంటుంది. కోయకముందే వెయిన్ ముందు గోడ పొడుగునా స్కిన్ మార్కర్‌తో గీత గీస్తే ఆ గోల ఉండదు.

పరీక్షకు సీసా 10 సెం.మీ. ఎత్తులో పెడితే చాలు. క్లాంపులు తీసేటప్పుడు వెయిన్‌ది ముందు, ఆర్టరీది తర్వాత. బల్ల మీద కూడా ఈ వరసే పాటించండి, చెయ్యికి అదే అలవాటు కావాలి.

వెయిన్ సమయం 50 నుంచి 24 నిమిషాలకు వచ్చింది. రెండూ కలిపి 62. గంట దాటే ఉంది.

దశ 6: యూరెటర్

గొర్రె యూరెటర్ మా చేతికి వచ్చినవి 3 మి.మీ. పైనే. దాని మీద ఎంత బాగా కుట్టినా పిల్లికి పనికొచ్చే పాఠం కాదు. కోడి తొడలో ముఖ్య ఆర్టరీ నుంచి చీలే సన్న కొమ్మ, బయటి మందం 0.7 మి.మీ. ఉన్నది, యూరెటర్ స్థానంలో పెట్టి గొర్రె మూత్రాశయానికి కుట్టాం.

పద్ధతి (మూత్రాశయాన్ని పూర్తిగా తెరవకుండా బయటి నుంచి చేసేది):

1. మూత్రాశయంలో కాథెటర్‌ (సన్న గొట్టం) తో సెలైన్ నింపాలి. ఖాళీ మూత్రాశయంలో కండరం కోసినా లోపలి పొర ఉబికి రాదు, రెండూ కలిసి తెగిపోతాయి.
2. పై కండర పొర 1 సెం.మీ. కోత. లోపలి పొర నీలంగా ఉబుకుతుంది (సెలైన్‌లో మెథిలీన్ బ్లూ కలిపాం).
3. ఆ ఉబ్బు వెనక కొసలో 3 నుంచి 4 మి.మీ. చిన్న కోత.
4. యూరెటర్ కొనను అంతే పొడవు నిలువునా చీల్చాలి.
5. లోపల 5-0 ప్రోలీన్ దారం ముక్క దూర్చి ఉంచాలి. ఎదురు గోడను సూది పట్టకుండా కాపలా అదే. చివర్లో తీసెయ్యాలి.
6. మొదటి కుట్టు చీలిక మొదట్లో, రెండోది కొసన. తర్వాత పక్కలు, విడివిడి కుట్లు.
7. పైన కండర పొరను వదులుగా మూయాలి.

ఆరో అంకెలోని మొదటి కుట్టు మీదే అంతా ఉంది. మా వాటిలో మూసుకుపోయినవన్నీ అక్కడే మూసుకున్నాయి. బోలు 0.4 నుంచి 0.3 మి.మీ.కి తగ్గితే, అదే ఒత్తిడికి పారేది మూడో వంతుకు పడిపోతుంది. అందుకే ఇక్కడ కారడం ఒక్కటే చూస్తే సరిపోదు. 15 సెం.మీ. ఎత్తు నుంచి 5 మి.లీ. పారడానికి పట్టే సమయం కుట్టకముందు, కుట్టాక కొలిచాం. ఒకటిన్నర రెట్లు దాటితే ఫెయిల్. సగానికి పైగా ఇప్పటికీ ఫెయిలే అవుతున్నాయి.

దశ 3లో నేర్చిన చెయ్యి ఇక్కడ చేటు చేస్తుంది. ఆర్టరీ మూతిని నున్నగా ఒలవాలి. యూరెటర్ చుట్టూ ఉన్న కొవ్వును మాత్రం ముట్టుకోకూడదు, దాని రక్త ప్రసరణ అందులోంచే. బల్ల మీద ఒలిచినా ఏమీ కాదు కాబట్టి తప్పు జరిగినట్టే తెలియదు. అందుకని సాధన ముక్కల్లో కూడా కొవ్వు వదిలే కుడుతున్నాం. 2 మి.మీ.కి మించి ఒలిచిన ముక్క పాసైనా ఫెయిల్ కిందే రాస్తున్నాం. ఈ నియమం మేడమ్‌ది.

ఇంకో దారి ఉంది. దాత యూరెటర్ మూత్రాశయంలోకి తెరుచుకునే చోట, ఆ చిన్న బుడిపెతో, చుట్టూ కాస్త మూత్రాశయం గోడతో సహా కోసి తెచ్చి, గ్రహీత మూత్రాశయానికి అతకడం. అప్పుడు కుట్లు పడేది 0.4 మి.మీ. గొట్టం మీద కాదు, మూత్రాశయం గోడ మీద. గొర్రె మూత్రాశయంతో చేస్తే సులువుగానే వచ్చింది. చెయ్యి ఇంకా కుదరనివాళ్ళకు ఇదే క్షేమమని నా అభిప్రాయం. దాత మూత్రాశయాన్ని కూడా కోయాల్సి వస్తుంది కదా, దాత ఆరోగ్యమైన పిల్లి, దానికి ఒక్క కోత ఎక్కువైనా నాకిష్టం లేదంటారు మేడమ్. ఆ వాదన ఇంకా తెగలేదు.

8-0 దారం మరో పెట్టె 1,200, 5-0 ప్రోలీన్ 300, కాథెటర్లు 150.
ఇప్పటిదాకా మొత్తం: రూ. 28,550.

దశ 7: బిగింపు, ఇంకా మిగిలినవి

కిడ్నీ పై పొరను పొట్ట లోపలి గోడకు 4-0తో అరడజను చోట్ల కుట్టడం చేతికి కష్టం కాదు. మటన్ పక్కటెముకల దగ్గరి పొర మీద చేసి వదిలేశాం. కిడ్నీని ఎటు తిప్పి పెడితే యూరెటర్ లాగుడు పడదో చూసుకున్నాకే కుట్టాలి, అంతే.

ప్రస్తుతం బల్ల మీద ఉన్న జాబితా:

1. ఆర్టరీ, వెయిన్ కలిపి 62 నిమిషాలు. కుట్టే సమయమంతా కిడ్నీ వెచ్చబడుతూ ఉంటుంది కాబట్టి ఐసు సెలైన్‌లో తడిపిన గాజ్ గుడ్డ చుట్టి కుట్టడం మొదలుపెట్టాం. చేతివేళ్ళు మొద్దుబారి సమయం 6 నిమిషాలు పెరిగింది. రెండు జతల గ్లవ్‌లు వేసుకుని చూడాలి.
2. యూరెటర్ మొదటి కుట్టుకు 8-0 బదులు 10-0 నైలాన్. కంటి డీలరు దగ్గర ఆర్డరిచ్చాం.
3. వెర్నియర్ బ్యాటరీ.
4. షాపాయనకు ఒక చిన్న కత్తెర కొనివ్వాలి. ఆయన పెద్ద కత్తికి మూత్రాశయం మెడ దగ్గర తెగిపోతోంది. అక్కడ తెగితే దశ 6 రెండో పద్ధతికి ముక్క దొరకదు.